నూతి పనికి గిలక చాలదా, చేతి వించ్ కొనాలా?

రణస్థలం రైతు: మా నుయ్యి 30 అడుగులు. పూడిక తీసి కొత్త వరలు (నూతి గోడకి ఒకదాని మీద ఒకటి పేర్చే సిమెంటు రింగులు) దింపాలి. చందాలేసి చేతి వించ్ కొందామని కుర్రోళ్లు, గిలకుండగా డబ్బు దండగని పెద్దలు. వించ్ అంటే పెద్ద గిలకే కదా?

గరివిడి మావ: కొనొద్దు. నలుగురు మోకు పడితే బురద చకచకా పైకొస్తుంది. హ్యాండిల్ తిప్పుతూ ఉంటే పొద్దు గూకిపోద్ది.

టెక్కలి మెకానిక్: రెండూ ఒకటి కాదు తమ్ముడూ. నూతి మీది గిలక మనం లాగే దిక్కు మారుస్తుంది, బరువు తగ్గించదు. 40 కిలోల బురదకి 40 కిలోల లాగుడూ మీ చేతుల మీదే. వించ్‌లో తాడు డ్రమ్ముకి చుట్టుకుంటుంది. డ్రమ్ము నడిమి నుంచి అంచుకి 10 సెంటీమీటర్లు, హ్యాండిల్ 40 సెంటీమీటర్లు ఉంటే బలం నాలుగింతలు. 5కి 1 గేరు, అంటే హ్యాండిల్ ఐదు చుట్లకి డ్రమ్ము ఒక్క చుట్టు, కూడా ఉంటే ఇరవై ఇంతలు, రాపిడికి పోయింది పోగా. పైగా పళ్లచక్రంలో చిన్న నాలుక టక్ టక్‌మని పడుతూ ఉంటుంది. చెయ్యి వదిలినా బరువు అక్కడే ఆగుతుంది. గిలక దగ్గర చెయ్యి జారితే కిందున్నోడి నెత్తి మీదే.

గరివిడి మావ: బలం ఇరవై ఇంతలైతే తిప్పుడూ అంతే కదా! ఆ గేరుతో 30 అడుగులకి ఎన్ని చుట్లో చెప్పు.

టెక్కలి మెకానిక్: 70 పైనే. ఆ మాట నిజం మావా. బురదకి గేరెందుకు, గిలకతోనే కానివ్వండి. వరల సంగతి వేరు. ఒక్కోటి 100 కిలోలు దాటొచ్చు, అంగుళం అంగుళం దింపి కిందదాని మీద కూర్చోబెట్టాలి.

గరివిడి మావ: మేం గుంజకి మోకు రెండు చుట్లేసి వదులుతూ దింపేవాళ్లం. ఒక్క వర పగల్లేదు.

టెక్కలి మెకానిక్: ఆ ఒడుపు తెలిసినోళ్లు ఇప్పుడు ఊరికి ఎంతమంది? అలాగని ఏ వించ్ పడితే అది కొనొద్దు. దింపేటప్పుడు ఆ నాలుక పైకెత్తాలి. బ్రేకు లేనిదాని మీద నేనలా ఎత్తగానే హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరిగి మణికట్టు విరిచింది. ఇప్పటికీ ఆ చేత్తో నిండు బిందె ఎత్తలేను. బ్రేకున్నదే చూడండి. సరుకులెత్తే వించ్ మీద మనిషిని మాత్రం దింపొద్దు.

రణస్థలం రైతు: మరి కొనకుండా వరల మటుకు అద్దెకి తెస్తే?

టెక్కలి మెకానిక్: అదే మేలు. బోరు మోటార్లు తీసేవాళ్లనడుగు, మూడుకాళ్ల స్టాండు, చైన్ పుల్లీ (గొలుసు లాగి బరువు ఎత్తే, దింపే గేర్ల సాధనం) ఉంటాయి. చైన్ పుల్లీలో బ్రేకు లోపలే ఉంటుంది. గొలుసు 30 అడుగుల లోతుకి అందుతుందో లేదో ముందు కొలిపించు.