డిసెంబర్‌లో స్పెయిన్: బయట తిండి, ఇళ్లల్లో పండగ భోజనాలు, మీ అనుభవాలు చెప్పండి

పాలకొల్లు_పిల్ల:
అందరికీ నమస్తే. మేం మాడ్రిడ్ వచ్చి ఏడాది దాటింది, ఇద్దరం ఆఫీసుల్లో పడి ఇంట్లో వండుకోవడమే తప్ప బయట పెద్దగా తిన్నది లేదు. ఈ డిసెంబర్‌లో మా అత్తగారు, మామగారు వస్తున్నారు. ఆవిడ గుడ్డు కూడా ముట్టరు. ఆయన గుడ్డు తింటారు కానీ నీచు వద్దు. ఇది చాలదన్నట్టు మా ఆయన కొలీగ్ 24 రాత్రి వాళ్లింటికి భోజనానికి రమ్మన్నాడు, పెద్దవాళ్లను కూడా తీసుకురమ్మని మరీ మరీ చెప్పాడు. వెళ్లకపోతే బాగోదు, వెళ్తే ఏం తింటారో అని నాకు ఇప్పటి నుంచే టెన్షన్. హోటళ్ల సంగతైనా, ఇళ్లల్లో పండగ భోజనాల సంగతైనా ఎవరికి తెలిసింది వాళ్లు చెప్పండి ప్లీజ్.

గోంగూర_ప్యాకెట్:
ముందు టైమింగ్స్ చూసుకోండి అక్కా, తిండి కంటే అదే పెద్ద సమస్య. మన పెద్దవాళ్లకి పన్నెండున్నరకల్లా కంచం ముందుండాలి, ఇక్కడ పొయ్యి వెలిగేదే ఒకటిన్నరకి, జనం కూర్చునేది రెండు దాటాక. నాలుగైందంటే మళ్లీ రాత్రి ఎనిమిదిన్నర దాకా చాలా చోట్ల వంటగది బంద్. సాయంత్రం ఆరింటికే డిన్నర్ పెడుతున్నారంటే అది టూరిస్టుల కోసమే, ధర కూడా అలాగే ఉంటుంది. మా నాన్నగారు వచ్చినప్పుడు పదకొండింటికి ఏదో ఒక బార్‌లో తొర్తియా (గుడ్డు, బంగాళాదుంపల మందపాటి అట్టు) ముక్క, కాఫీ ఇప్పించి రెండున్నరకి అసలు భోజనానికి తీసుకెళ్లేవాణ్ణి, బాగా సరిపోయింది. బార్ అనగానే మొదటిరోజు ఆయన గుమ్మం దగ్గరే ఆగిపోయారనుకోండి. ఇక్కడ బార్ అంటే మన టిఫిన్ సెంటర్ లాంటిది, పొద్దున్నే ముసలమ్మలు కాఫీ తాగుతూ ఉంటారు, పక్కనే బడికెళ్లే పిల్లలు టోస్ట్ తింటూ ఉంటారు.

అసలు భోజనం అంటే మెనూ డెల్ దియా. మామూలుగా సోమవారం నుంచి శుక్రవారం దాకా, మధ్యాహ్నం పూట. ఒక ఫస్ట్ ప్లేటు, ఒక సెకండ్ ప్లేటు, బ్రెడ్డు, తాగడానికి ఏదో ఒకటి, చివర్లో స్వీటో కాఫీయో, అంతా కలిపి 12 నుంచి 15 యూరోలు, సెంటర్‌లో ఇంకాస్త ఎక్కువ. 1960ల్లో నియంత ఫ్రాంకో ప్రభుత్వం టూరిస్టుల కోసం హోటళ్ల చేత బలవంతంగా పెట్టించిన మెనూ నుంచి వచ్చిందట ఇది, ఇప్పుడు తినేది మాత్రం ఎక్కువగా పక్క ఆఫీసుల వాళ్లు, మేస్త్రీలు. తలుపు దగ్గర పలక మీద సుద్దతో రాసిన చోటికే వెళ్లండి, రంగురంగుల ఫొటోలు పెట్టిన చోటికి కాదు. వెజ్ వాళ్లకి ఒక కిటుకు: సెకండ్ ప్లేట్లన్నీ మాంసమో చేపో అయి ఉంటాయి, కాబట్టి ఫస్ట్ ప్లేట్లే రెండు ఇవ్వమని అడగండి. చాలా చోట్ల ఏమీ అనుకోకుండా ఇస్తారు.

సెవిల్లా_ఎండ:
ఫస్ట్ ప్లేట్లే కదా అని ధీమాగా కూర్చోకండి. బీన్స్‌లో హామోన్ (ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది తొడ మాంసం) ముక్కలు, పప్పులో చోరీసో (పందిమాంసం సాసేజ్), సలాడ్ మీద ట్యూనా, సూప్ అయితే ఎముకల రసం. మాంసం వద్దని మాత్రమే చెబితే హామోన్ తీసేసి ట్యూనా వేసి తెస్తారు, అది కూడా ఎంతో ఆప్యాయంగా. హామోన్ వద్దు, ట్యూనా వద్దు, చేప వద్దు, మాంసం ఉడికించిన నీళ్లు కూడా వద్దు, ఇలా ఒక్కొక్కటీ పేరుపెట్టి చెప్పాలి. ఫోన్‌లో స్పానిష్‌లో రాసి పెట్టుకుని చూపించండి, వెయిటర్ దాన్ని లోపలికి తీసుకెళ్లి వంటవాళ్లకి చూపిస్తాడు.

ఇంకొకటి. మెనూలో ఎలర్జీ గుర్తులు ఉంటాయి, వాటిని చూసి వెజ్ అనుకోవద్దు. యూరప్ రూల్ ప్రకారం చెప్పాల్సిన 14 పదార్థాల్లో గుడ్డు, చేప, పాలు ఉన్నాయి కానీ మాంసం లేదు. గుడ్డు విషయంలో మాత్రం మీ అత్తగారికి ఆ గుర్తులు బాగా పనికొస్తాయి.

ఆవిడ తినగలిగేవి నాకు తెలిసినంతలో: టమాటా రుద్ది ఆలివ్ నూనె పోసిన బ్రెడ్డు, పాలకూర-శనగల కూర (ఇది మా సెవిల్లా స్పెషల్, జీలకర్ర వాసన వస్తుంది, ఆవిడకి నచ్చి తీరుతుంది), వంకాయ ముక్కలు వేయించి చెరకు పాకం పోసేది, పతాతాస్ బ్రావాస్ అని సాస్ వేసిన బంగాళాదుంప వేపుడు (అలియోలి అనే వెల్లుల్లి సాస్ వద్దని చెప్పండి, అందులో గుడ్డుంటుంది), పిస్తో అని వంకాయ, గుమ్మడి జాతి కాయ, క్యాప్సికం, టమాటా కలిపి మగ్గబెట్టిన కూర. పిస్తో మీద చాలా చోట్ల వేయించిన గుడ్డు పెట్టి ఇస్తారు, ముందే వద్దనండి. గస్పాచో (చల్లటి టమాటా సూప్) అని ఎవరైనా చెబితే వినకండి, అది వేసవి సంగతి, డిసెంబర్‌లో ఎవరూ చెయ్యరు. కారం మీద కూడా ఆశ పెట్టుకోవద్దు, బ్యాగులో కారప్పొడి డబ్బా ఒకటి పడేసుకోండి.

గ్రనాడా_గది:
స్టూడెంట్‌ని, నా బడ్జెట్ వేరు. ఇక్కడ గ్రనాడాలో ఏ డ్రింక్ తీసుకున్నా చాలా బార్లలో తాపా (చిన్న ప్లేటు తిండి) ఫ్రీ, అల్మెరియా, హాయెన్, లియోన్‌లలో కూడా అంతే. రెండు డ్రింకులకి రాత్రి భోజనం అయిపోయినట్టే. మందు తాగక్కర్లేదు, మోస్తో అని ద్రాక్షరసం ఉంటుంది, దానికీ తాపా వస్తుంది. కాకపోతే ఏ తాపా ఇస్తారో వాళ్ల ఇష్టం, కాబట్టి డ్రింక్ చెప్పేటప్పుడే వెజ్ అని చెప్పేయాలి, ప్లేటు వచ్చాక చెబితే లాభం లేదు. మాడ్రిడ్‌లో ఈ వైభోగం లేదు, మహా అయితే నాలుగు ఆలివ్‌లు పెడతారు.

స్పానిష్ ఫ్రెండ్ పుట్టినరోజుకి బయటికి పిలిస్తే మామూలుగా బిల్లు వాళ్లే కడతారు. అలాగే మీ పుట్టినరోజుకి మీరు పిలిస్తే పర్సు మీదే. క్లాసు మొత్తాన్ని పిలిచేముందు ఆలోచించుకోండి.

ఖమ్మం_టు_బార్సిలోనా:
అందరూ వెజ్ గురించే చెబుతున్నారు, తినేవాళ్లం మేం కూడా ఉన్నాం ఇక్కడ 😀. రొయ్యలు, పీతలు, చేపలు తినాలంటే స్పెయిన్ తర్వాతే ఏదైనా. కానీ మెనూలో ధర బదులు మార్కెట్ రేటు అని రాసి ఉంటే, కిలో ఎంత, ఈ చేప ఎంత తూగుతుంది అని అడిగాకే సరే అనండి. బీచ్ పక్కన ఒక చోట మేం సగం ప్లేటు రొయ్యలు చెబితే ఫుల్ ప్లేటు పెట్టాడు, అడగని బ్రెడ్డుకి మనిషికింత అని వేశాడు, మెనూలో ఎక్కడా లేని టెర్రస్ చార్జీ ఒకటి కలిపాడు. మా ఫ్రెండు గొడవేమీ పడకుండా కంప్లైంట్ ఫారం ఇవ్వమని అడిగాడు. ప్రతి హోటల్లో అది ఉండాలి, అడిగితే ఇవ్వాలి. ఐదు నిమిషాల్లో కొత్త బిల్లు వచ్చింది. నీళ్లు కూడా అంతే, 2022లో వచ్చిన చట్టం ప్రకారం పంపు నీళ్లు అడిగితే ఫ్రీగా ఇవ్వాల్సిందే, ఊరికే నీళ్లు అంటే మాత్రం బాటిల్ తెచ్చి బిల్లులో వేస్తారు.

టిప్ గురించి టెన్షన్ వద్దు, బాగుంటే చిల్లర వదిలేస్తారు, అంతే. బిల్లు మీరు అడిగేదాకా తేరు, మర్చిపోయారని అనుకోకండి, అడక్కుండా తెస్తే లేచి వెళ్లమన్నట్టు ఉంటుందని వాళ్ల లెక్క.

గోంగూర_ప్యాకెట్:
పైదానికి ఒకటి కలపాలి. డిసెంబర్‌లో కంపెనీల భోజనాలు ఉంటాయి, ఇరవై ముప్పై మంది ఒకేసారి వచ్చి పడతారు. గురు, శుక్రవారాలు ముందుగా బుక్ చేసుకోకపోతే పెద్దవాళ్లతో చలిలో నిలబడాలి.

వాలెన్సియా_వంటిల్లు:
పండగ భోజనం అన్నారు కాబట్టి మా ఊరి సంగతి. ఇక్కడ ఆదివారం మధ్యాహ్నం పాయెయా (వెడల్పాటి పెనంలో వండే అన్నం) అంటే ఇంటి పండగే. అసలుదాంట్లో చికెను, కుందేలు, వెడల్పాటి బీన్స్, గర్రోఫో అనే పెద్ద తెల్ల చిక్కుడు గింజ, కుంకుమపువ్వు ఉంటాయి. కలపడం ఉండదు, బియ్యం పరిచాక గరిటె పెట్టారంటే ఇంటి పెద్దావిడ చూసే చూపు మామూలుగా ఉండదు. అడుగున పట్టిన మాడు ఉంది చూశారా, సొక్కరత్ అంటారు, దానికోసం కొట్టుకుంటారు. మా పక్కింటివాళ్లు నన్ను పిలిచినప్పుడు ప్లేట్లే పెట్టలేదు. పెనం బల్ల మధ్యలో పెట్టి, అందరికీ చెంచాలు ఇచ్చి, ఎవరి ముందున్న ముక్క వాళ్లు అంచు నుంచి మధ్యకి తినుకుంటూ పోతున్నారు, పక్కవాళ్ల హద్దులోకి చెంచా వెళ్లకూడదు. మా అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే ముందు ఎంగిలి అంది, తర్వాత హద్దులు గీసుకున్నారు కాబట్టి పర్లేదులే అంది. ప్లేటు కావాలంటే ఇస్తారు, నిస్సంకోచంగా అడగొచ్చు.

రాత్రి పూట పాయెయా అడగొద్దు, ఇక్కడివాళ్లు తినరు. కూరగాయల పాయెయా అని రాసి ఉన్నా దేని నీళ్లతో ఉడికించారో అడగండి.

పాలకొల్లు_పిల్ల:
అందరికీ చాలా థాంక్స్. 24 రాత్రి సంగతి కూడా ఎవరైనా చెప్పండి. నేను పులిహోర చేసి పట్టుకెళ్తే వాళ్లేమైనా అనుకుంటారా?

నిద్రలేని_మాడ్రిడ్:
మాడ్రిడ్‌లోనే ఉంటాను, మా వారు ఇక్కడివారు, కాబట్టి ఈ భోజనం నాకు ఏటా తప్పదు. చెబుతాను వినండి.

తొమ్మిదింటికి టీవీలో రాజుగారి ప్రసంగం వస్తుంది. మా ఇంట్లో ఎవరూ శ్రద్ధగా వినరు, అయినా టీవీ ఆన్‌లోనే ఉంటుంది, అది అయ్యాకే బల్ల దగ్గరికి కదులుతారు. అంటే మీవాళ్లు భోజనానికి కూర్చునేసరికి తొమ్మిదిన్నర, పది. ఇంటి దగ్గర ఏదో ఒకటి తినిపించి తీసుకెళ్లండి. మొదట వచ్చేది హామోన్, చీజ్, ఆలివ్‌లు, తర్వాత ఉడికించిన రొయ్యలు. రొయ్య తలకాయ తుంచి జుర్రుకుని తింటారు, మా మావగారికి అదే అసలు పండగ, మా భీమవరం వాళ్లకీ ఆయనకీ ఆ విషయంలో బాగా పడుతుంది. హామోన్ తొడ మొత్తం స్టాండుకి బిగించి, డెక్కతో సహా, వంటగదిలో నిలబెట్టి ఉంటుంది. ఇది మాత్రం మీ అత్తగారికి ముందే చెప్పి ఉంచండి, గుమ్మంలోంచి వెళ్లగానే అదే కనిపించొచ్చు. తర్వాత సూపు, ఆ తర్వాత ఓవెన్‌లో కాల్చిన గొర్రెపిల్లో, చేపో. మాడ్రిడ్ ఇళ్లల్లో ఎర్ర క్యాబేజీ ఆపిల్ వేసి వండుతారు, పందిమాంసం ముక్కలు వెయ్యకుండా చెయ్యమంటే అది మీవాళ్లిద్దరికీ పనికొస్తుంది.

పులిహోర గురించి: తప్పకుండా పట్టుకెళ్లండి, కానీ ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి, ఆ రాత్రి డబ్బా తెరిచి ఆశ్చర్యపరచొద్దు. వీళ్లకి కష్టంగా అనిపించేది మనం తినకపోవడం కాదు, అతిథి ఖాళీ ప్లేటుతో కూర్చుంటే తాము సరిగ్గా చూసుకోలేదని బాధ. ముందే తెలిస్తే వాళ్లావిడ ఏదో ఒకటి చేసి పెడుతుంది. పులిహోర కూడా మీ నలుగురికి సరిపడా కాకుండా అందరికీ సరిపడా చేయండి, ఎండుమిర్చి తీసేసి.

ఖమ్మం_టు_బార్సిలోనా:
నేనైతే పులిహోర వద్దంటాను. వైనో, మంచి స్వీట్ ట్రేనో పట్టుకెళ్లి ఊరుకోండి. పండగ రోజు వాళ్ల బల్ల మీద మన గిన్నె ఎందుకు?

నిద్రలేని_మాడ్రిడ్:
అడిగి తీసుకెళ్తే ఏ ఇబ్బందీ లేదండీ. మా అత్తగారు ఇప్పుడు నిమ్మకాయ పులిహోర లేకుండా నన్ను గుమ్మం దాటనివ్వరు.

సెవిల్లా_ఎండ:
స్వీట్ల దగ్గరే అసలు జాగ్రత్త. పొల్వొరోన్, మంతెకాదో అని కాగితంలో చుట్టి ఉంటాయి, చూడటానికి మన సున్నుండల్లా అమాయకంగా ఉంటాయి, చాలావాటిలో పందికొవ్వే వాడతారు. ఆలివ్ నూనెతో చేసినవి కూడా దొరుకుతాయి, డబ్బా వెనక చదివి కొనండి. మల్లోర్కా దీవి నుంచి వచ్చే ఎన్సైమాదా అనే చుట్ట బన్నుదీ అదే కథ. తుర్రోన్ అనే బాదం అచ్చులో మామూలుగా పందికొవ్వు ఉండదు కానీ బాదం, తేనెతో పాటు గుడ్డు తెల్లసొన ఉంటుంది, అంటే మామగారికి ఓకే, అత్తగారికి కాదు. మార్సిపాన్ (బాదం, చక్కెర ముద్ద) బొమ్మల మీద మెరుపు కోసం పచ్చసొన పూస్తుంటారు. ఆవిడకి చక్కెర పట్టించిన బాదంపప్పులు, ఎండు అంజీర్లు పెట్టండి. నూనెలో వేయించే చుర్రోలు కూడా, మామూలుగా మైదా, నీళ్లు, ఉప్పు అంతే, అయినా ఒకసారి అడగండి.

గ్రనాడా_గది:
31 రాత్రి ద్రాక్షల సంగతి ఎవరూ చెప్పలేదేంటి? అర్ధరాత్రి పన్నెండుకి మాడ్రిడ్‌లోని పుయెర్తా దెల్ సోల్ కూడలి గడియారం కొట్టే ఒక్కో గంటకీ ఒక ద్రాక్ష, మొత్తం పన్నెండు. గంటకీ గంటకీ మధ్య మూడు సెకన్లే. అసలు గంటలకి ముందు నాలుగు జంట గంటలు మోగుతాయి, అప్పుడు తినకూడదు, కొత్తవాళ్లందరూ అక్కడే మొదలుపెట్టేస్తారు. గింజ లేని చిన్న ద్రాక్షలు కొని, పెద్దవాళ్లకి తొక్క తీసి సగానికి కోసి ఇవ్వండి, గొంతులో అడ్డం పడతాయి. తొక్క తీసి పన్నెండేసి లెక్కపెట్టిన డబ్బాలు కూడా సూపర్ మార్కెట్లో అమ్ముతారు.

పాలకొల్లు_పిల్ల:
ఇప్పుడే మా ఆయన కొలీగ్‌కి ఫోన్ చేశాడు. వాళ్లమ్మగారే లైన్‌లోకి వచ్చి చేప తింటారా, పోనీ హామోన్ కొంచెం అయినా తింటారా అని అడిగి, చివరికి ఎర్ర క్యాబేజీ విడిగా చేస్తానన్నారట. పులిహోరకి సరే అన్నారు. ఇంకొక్క డౌటు, 25న బయట తినడానికి ఏమైనా దొరుకుతుందా?

నిద్రలేని_మాడ్రిడ్:
చాలావరకు మూసేసి ఉంటాయి, తెరిచినవి బుకింగ్ లేనిదే కష్టం. 24నే మధ్యాహ్నం లోపు కూరగాయలు, పాలు, పెరుగు తెచ్చిపెట్టుకోండి. ఆ రాత్రి మెట్రో, బస్సులు కూడా తొందరగా ఆపేస్తారు, తిరిగి రావడానికి క్యాబ్ ముందే చూసుకోండి. జనవరి 6 దాకా ఉంటే ఆ రోజు ముగ్గురు రాజుల పండగకి తినే రొస్కోన్ అనే గుండ్రటి కేకు తినిపించండి, మామగారికి మాత్రమే, అందులో గుడ్డుంటుంది. లోపల ఒక బొమ్మ, ఒక ఎండు చిక్కుడు గింజ దాచి ఉంచుతారు, గింజ ఎవరికొస్తే కేకు డబ్బు వాళ్లు కట్టాలి. ఆయన పళ్లు జాగ్రత్త.