మనిషి పోయిన ఇంట్లోవాళ్లకి కౌన్సెలింగ్ చెయ్యాలంటే ఏం చదవాలి?

గుణుపూర్ అమ్మాయి: నమస్తే అందరికీ, సైకాలజీ డిగ్రీ ఆఖరి ఏడాది నాది, మనిషిని పోగొట్టుకున్నవాళ్లకి తోడుండే పనిలోకి వెళ్దామని గట్టిగా ఉంది. ఎక్కడ చూసినా దుఃఖానికి ఐదు దశలే (నమ్మలేకపోవడం, కోపం, బేరాలాడటం, దిగులు, ఒప్పుకోవడం) చెప్తున్నారు, అది సరిపోద్దా? ఏ కోర్సు మంచిది?

పర్లాకిమిడి అక్క: చాలదమ్మా. 1969లో కుబ్లర్ రాస్ అనే సైకియాట్రిస్ట్ ఆ దశలు చెప్పింది చావు దగ్గరపడిన రోగులతో మాట్లాడి, అందరూ వరసగా దాటేవి కావు అవి. దుఃఖంలో ఉన్నవాళ్లు చెయ్యాల్సినవని వర్డెన్ అనే సైకాలజిస్ట్ చెప్పిన నాలుగు పనులు చదువు: పోయారని ఒప్పుకోవడం, బాధ పడనివ్వడం, వాళ్లు లేని బతుక్కి అలవాటుపడటం, బంధం మనసులో ఉంచుకునే ముందుకెళ్లడం. మన వైపు చూడు, పెద్దకర్మ దాకా ఇంటినిండా చుట్టాలే, తర్వాత అందరూ బస్సెక్కేస్తారు, భర్త పోయినావిడ అలవాటుగా రెండు కంచాలు పెట్టి ఒకటి మళ్లీ లోపల పెట్టేస్తది, మనిషి కావాల్సింది అప్పుడే.

జయపురం నుంచి: క్లినికల్ సైకాలజీ అయితే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తింపు చూసుకునే చేరు. ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేసి సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కి కూడా వెళ్లొచ్చు. ఇంకోటి, ప్రతి ఏడుపూ జబ్బు కాదు, జబ్బు అనాలంటే ఐసీడీ-11 (ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా) ప్రకారం కనీసం 6 నెలలు దాటాలి, రోజువారీ పనులు సాగనంత ఉండాలి, వాళ్ల ఆచారం ప్రకారం మామూలనుకునేదానికి మించి ఉండాలి.

గుణుపూర్ అమ్మాయి: థాంక్స్ అక్కా, అన్నా. ఒడియాలో చదివి తెలుగులో మాట్లాడాలంటే ఇబ్బందవదా?

పర్లాకిమిడి అక్క: ఎదుటిమనిషి ఏ భాషలో ఏడిస్తే అందులోనే విను. రాత్రిపూట ఎవరైనా తట్టుకోలేకపోతుంటే టెలిమానస్ (మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్) నంబరు 14416 ఇవ్వు, ఫ్రీయే.