అప్‌డేట్: అన్నం బదులు జొన్నరొట్టె

షుగర్ అని తేలినంక అన్నం మానేసి జొన్నరొట్టెలు తింటే సరిపోతదా అని అడిగిన కదా. సరిపోదు. మా పాలమూరు దిక్కు రొట్టె ఎంత తిన్నా ఏం కాదంటరు గానీ, 50 గ్రాముల పిండితో చేసిన రొట్టెలో దాదాపు 35 గ్రాముల కార్బ్ (ఒంట్ల చక్కెరగా మారే పిండిపదార్థం) ఉంటది. అందుకే పూటకు ఒక్కటే. పళ్లెంలో సగం పుంటికూరో తోటకూరో, పక్కన రెండు గుడ్లు. కూర ముందు, రొట్టె తర్వాత. మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు గ్లూకోమీటర్‌తో చూస్తే ఆ రొట్టె ఒంటికి పడిందో లేదో తెలుస్తది.

అసలు జాగ్రత్త మాత్రలతోనే. గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర వేసుకుంటూ కార్బ్ ఒక్కసారిగా తగ్గిస్తే రక్తంల షుగర్ 70 mg/dL కిందికి పడిపోవచ్చు: చెమటలు, వణుకు, గుండెదడ. వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ నీళ్లల్ల కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలె. డోసు సంగతి డాక్టర్‌ను ముందే అడగండి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఒక్కటే వేసుకుంటే ఈ భయం చాలా తక్కువ.