విజయవాడలో పాత పద్ధతి పెసరట్టు ఇంకెక్కడ దొరుకుతుంది?

గవర్నర్‌పేటలో మా ఇంటిల్లిపాదీ ఏళ్ళ తరబడి తింటున్న టిఫిన్ హోటల్ ఈమధ్య చేతులు మారింది. పేరు రాయను, కొత్తాయన పొట్ట కొట్టడం నా ఉద్దేశం కాదు. బోర్డు అదే, ఏసీ కొత్తది. రేటు పెంచినా బాధ లేదు. గొడవంతా పెసరట్టుతోనే.

ఇదివరకు పెసలు పొట్టుతోనే నానబెట్టి, పులియనివ్వకుండా ఏ పూటకాపూట రుబ్బేవారు. అట్టు ఆకుపచ్చగా, అంచులు కరకరలాడుతూ, పైన సన్నగా తరిగిన అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర కనిపిస్తూ ఉండేది. ఇప్పుడు పసుప్పచ్చగా, మందంగా వస్తోంది. కాస్త పులుపు కూడా తగులుతోంది. పొట్టు తీసిన పప్పు వాడుతున్నారా, బియ్యం ఎక్కువ కలుపుతున్నారా, నిల్వ పిండా? హోటల్ లైన్‌లో ఉన్నవాళ్ళు చెప్పగలరా? అల్లం పచ్చడి సంగతి సరేసరి, ఉత్త బెల్లం పానకం.

ఓనర్‌కి చెబుదామంటే క్యాష్ కౌంటర్‌లో రోజుకో కుర్రాడు. ఎవరికి, ఎలా చెబితే పట్టించుకుంటారు? గూగుల్ రివ్యూ రాస్తే కక్ష గట్టినట్టుంటుందేమో. ఈలోపు సత్యనారాయణపురం, గాంధీనగర్ వైపు ఉప్మా పెసరట్టు బాగా వేసే చోటు ఉంటే చెప్పండి. బండి అయినా పర్లేదు. కాకపోతే మా నాన్నగారు మెట్లెక్కలేరు, కూర్చోవడానికి కుర్చీ ఉండాలి.