నాన్న నెత్తి మీద మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్): ఆపరేషన్ అయ్యాక మళ్లీ వచ్చిందా మీలో ఎవరికైనా?

మా నాన్నకి 61. నడినెత్తిన కందిగింజంత నల్లమచ్చ, పుట్టుమచ్చేలే అనుకున్నాం. క్షవరంలో దువ్వెన తగిలి రక్తం కారితే గానీ పట్టించుకోలేదు. బయాప్సీలో మెలనోమా. మందం 2.8 మిల్లీమీటర్లు, పైన పుండు పడింది. చుట్టూ 2 సెంటీమీటర్ల మేర తీసేసి తొడ చర్మం అతికించారు. మెడలో సెంటినెల్ గ్రంథి (క్యాన్సర్ పాకితే ముందుగా చేరే లింఫు గ్రంథి) క్లియర్, స్టేజ్ 2బి అన్నారు. కానీ తల, మెడ దగ్గర ఆ పరీక్ష ఒక్కోసారి తప్పుతుందట. నెత్తిమీదిది మొండిదట కూడా. మొదటి రెండు మూడేళ్లే భయం అంటున్నారు.

మళ్లీ రాకుండా ఏడాదిపాటు పెంబ్రోలిజుమాబ్ (ఒంట్లోని రోగనిరోధక శక్తి క్యాన్సర్‌తో పోరాడేలా చేసే మందు) సూచించారు. ఖర్చు వినగానే నాన్న పొలం సంగతి ఎత్తారు. ఇదే స్టేజీలో అది వాడినవాళ్లున్నారా? మెడ స్కాన్ ఎన్ని నెలలకోసారి తీయించారు? రోజూ తలస్నానమయ్యాక కుట్ల చుట్టూ, చెవుల వెనక తడిమి చూస్తున్నాను, ఇంకెక్కడ చూడాలి?