టస్కనీ కొండల్లో లారీలు లేని రోడ్లు: అన్నయ్యతో ఎనిమిది రోజులు సైకిల్ మీద

నిదానపు చక్రం:

అందరికీ నమస్కారం. సెప్టెంబరు చివర్లో మా అన్నయ్యా నేనూ సైకిళ్లతో ఇటలీలోని టస్కనీ వెళ్తున్నాం. చేతిలో ఎనిమిది రోజులున్నాయి. అన్నయ్యకు 61 నిండాయి, నాకు 54. చదును నేల మీద ఇద్దరం రోజుకు 80 కిలోమీటర్లు తొక్కగలం. కొండల అలవాటు మాత్రం తక్కువ.

అసలు విషయం చెప్పాలి. మూడేళ్ల కిందట ఒక లారీ మరీ దగ్గరగా దాటుకుపోతే ఆ గాలికి అన్నయ్య రోడ్డు దిగి పడిపోయాడు. భుజం అతుక్కుంది గానీ వెనక లారీ చప్పుడు వినబడితే ఇప్పటికీ చేతులు బిగుసుకుపోతాయి. మూడేళ్లుగా వాయిదా వేసి, ఈసారి తనే వెళ్దాం అన్నాడు. అందుకని మాకు ఎంత దూరం తొక్కామన్నది లెక్క కాదు, రోడ్డు ప్రశాంతంగా ఉండాలి.

నేను వేసుకున్న దారి ఇది: ఫ్లోరెన్స్, సాన్ జిమిన్యానో, వోల్తెర్రా, సియెనా, మోంతల్చీనో, పియెంజా. రోజుకో ఊరు, సామాను సైకిళ్ల మీదే. మ్యాపులో రోజుకు 50 నుంచి 65 కిలోమీటర్లు చూపిస్తోంది. ఇది మాకు సరిపోతుందా? ఏ రోడ్లు తప్పించాలి? అక్కడి మట్టిరోడ్ల సంగతేమిటి?

కొండగాలి:

అమ్మా, ఆ వైపు నేను రెండుసార్లు తొక్కాను. మొదటిసారి మీలాగే రోజుకో ఊరు పెట్టుకుని సగం ఆనందం పోగొట్టుకున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అక్కడి పాత ఊళ్లన్నీ దాదాపు కొండల నెత్తిమీదే ఉంటాయి. శత్రువు దూరం నుంచే కనబడాలి, కింద లోయల్లోని చిత్తడికి ఎడంగా ఉండాలి. వాళ్లకది రక్షణ. మీకు మాత్రం, ఊరు మారిన ప్రతిరోజూ చివరి గంట ఎక్కుడే. ఒళ్లు బాగా అలిసిన వేళకి, సామానుతో సహా. వోల్తెర్రా 500 మీటర్ల పైన ఉంది, మోంతల్చీనో కూడా అంతే.

కాబట్టి కిలోమీటర్లు చూడకండి, ఎక్కుడు ఎన్ని మీటర్లో చూడండి. మనిషి, సైకిలు, సామాను కలిపి 90 కిలోలనుకుంటే, గంటకు 600 మీటర్లు ఎక్కడానికి బరువు పైకి మోయడానికే దాదాపు 150 వాట్లు కావాలి. అరవై దాటిన మనిషి దాన్ని గంటల తరబడి ఇవ్వాలంటే మంచి సాధన ఉండాలి. 400 మీటర్ల వేగమైతే 100 వాట్లతో పోతుంది, మాట్లాడుకుంటూ ఎక్కొచ్చు. నేనైతే ప్రతి 100 మీటర్ల ఎక్కుడుకి మూడు కిలోమీటర్లు అదనంగా కలుపుకుంటాను. 50 కిలోమీటర్లు, 900 మీటర్ల రోజుని 77గా లెక్కపెట్టండి. మీకు అదే హద్దు.

ఇక రద్దీ సంగతి. అక్కడి రోడ్లు నాకు రెండు రకాలుగా కనిపించాయి: లోయ రోడ్లు, కొండ వెన్ను మీద పోయే రోడ్లు. బరువు బండ్లకి చదును కావాలి గనక అవి లోయ పట్టుకుని పోతాయి. సియెనా నుంచి బ్వొన్‌కొన్వెంతో వైపు దిగే కాస్సియా రోడ్డు అలాంటిది. రోమన్ల నాటి దారి పేరే దానిది, మ్యాపులో చూస్తే తిన్నగా, ముచ్చటగా ఉంటుంది, కానీ మీ అన్నగారికి అది పనికిరాదు. దానికి తూర్పున, సియెనా నుంచి అషానో అనే ఊరికి కొండ వెన్ను మీంచి పోయే లౌరెతానా రోడ్డు ఉంది, నంబరు 438. చుట్టుతిరుగుడు, ఎక్కుడు దిగుళ్లు, అందుకే లారీ దాని జోలికి రాదు. మిగతా చోట్ల కూడా ఇదే చూసుకోండి: పక్కనే వేగంగా పోయే పెద్దరోడ్డు ఉంటే, వంకరగా పోయే పాతరోడ్డు ఖాళీగా ఉంటుంది.

ఫ్లోరెన్స్ నుంచి సైకిల్ మీద బయల్దేరకండి. ఊరు దాటేసరికే ధైర్యం సగమవుతుంది. ఎంపొలీ మీదుగా సియెనాకి ప్రాంతీయ రైలుంది. సైకిల్ గుర్తు ఉన్న రైలు చూసి, సైకిల్‌కి కూడా టికెట్ తీసుకోండి. మొదటిసారి నా ఫోను మమ్మల్ని ఫ్లోరెన్స్, సియెనా మధ్యనున్న నాలుగు వరుసల రోడ్డు దాకా తీసుకెళ్లింది. అక్కడ ఎర్ర వలయంలో సైకిల్ బొమ్మ, ప్రవేశం లేదని. ఎండలో ఆరు కిలోమీటర్లు వెనక్కి తొక్కాం, మా ఆవిడ ఒక్క మాట అనలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అప్పట్నుంచి ఫోను చెప్పిన దారిని ముందురోజు రాత్రే వేలితో మ్యాపు మీద నడిపించి చూసుకుంటాను.

నా సలహా: సియెనాలో నాలుగు రాత్రులు, తర్వాత మోంతల్చీనో దగ్గర మూడు. సామాను గదిలో పెట్టి, ఖాళీ సైకిల్‌తో రోజూ ఒక చుట్టు చుట్టి రండి.

ఆ లౌరెతానా రోజుని మాత్రం వదలకండి. తావెర్నె దార్బియా దాటగానే ఇళ్లు ఆగిపోతాయి. అటూ ఇటూ ఒట్టి బంకమన్ను గుట్టలు. ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న మట్టి అది, ఆ నేలని వాళ్లు క్రేతే అంటారు. సెప్టెంబరులో కోతలైపోయి దున్నేసి ఉంటుంది. నేలంతా బూడిదరంగు, అక్కడక్కడా ఒక ఇల్లు, ఇంటి ముందు నాలుగు సైప్రస్ చెట్లు. రోడ్డు ఆ గుట్టల వీపు మీదే పోతుంది, రెండు పక్కలా లోయ కనబడుతూ ఉంటుంది. నీడ ఉండదు, గాలికి అడ్డూ ఉండదు. నీళ్ల సీసాలు రెండేసి నింపుకోండి. మేం వెళ్లిన ఉదయం నాకు వినబడింది మా చెయిన్ల చప్పుడూ ఎక్కడో దూరంగా ఒక ట్రాక్టరూ, అంతే. సియెనా నుంచి అషానో దాకా పాతిక కిలోమీటర్లుంటుందేమో, మాకు మూడు గంటలు పట్టింది. ఊరికే ఆగి నిలబడ్డాం అన్నిసార్లు.

అషానో నుంచి మోంతె ఒలివెతో మజ్జోరె మఠానికి మంచి ఎక్కుడు. మీ గేరు పరీక్షకి నిలబడేది అక్కడే. ఆ మఠం స్థాపించిన సియెనా వాడు బెర్నార్దో తొలొమేయి 1313లో లోకం వదిలి ఆ కొండకి చేరాడు. లోపలి వరండా గోడల మీద సెయింట్ బెనెడిక్ట్ జీవితమంతా బొమ్మలుగా ఉంది. సిన్యొరెల్లి అనే చిత్రకారుడు మొదలుపెట్టాడు, 1505 నుంచి సోదోమా అనే మరో చిత్రకారుడు పూర్తిచేశాడు. చెమట ఆరేదాకా చూస్తూ తిరగండి. అక్కణ్నుంచి బ్వొన్‌కొన్వెంతోకి దిగితే ఎర్ర ఇటుక గోడల మధ్య చిన్న ఊరు. పవిత్ర రోమన్ చక్రవర్తి ఏడో హెన్రీ 1313లోనే అక్కడ చనిపోయాడు. ఆ ఊళ్లో రైలుస్టేషన్ ఉంది. కాస్సియా మీద తొక్కక్కర్లేదు, రైల్లో సియెనాకి వచ్చేయండి. వేళలు ముందురోజే చూసుకోవాలి.

మట్టిరోడ్లని వాళ్లు తెల్లదారులంటారు, స్త్రాదె బియాంకె. సున్నపు కంకర పరిచిన దారులు. వీటికి తారు వేసేయకుండా కాపాడాలనే 1997లో గయోలె ఇన్ కియాంతిలో ఎరోయికా మొదలైంది. 1987కి ముందు తయారైన సైకిళ్ల మీద తొక్కే పండుగ అది. దాని దారికి ఏడాది పొడవునా ఫలకాలుంటాయి, 209 కిలోమీటర్లు. మొత్తం మీకు అక్కర్లేదు, ఏదో పది కిలోమీటర్ల ముక్క చాలు. భయపడక్కర్లేదు గానీ దిగేటప్పుడు జాగ్రత్త. ముందు బ్రేకు మలుపులోకి వెళ్లకముందే వెయ్యాలి, కంకర మీద మలుపులో వేస్తే చక్రం జారుతుంది. 32 మిల్లీమీటర్ల టైరు ఉంటే మంచిది. వానపడిన మర్నాడు క్రేతే వైపు తెల్లదారి మాత్రం ఎక్కకండి. ఆ బంకమన్ను చక్రానికీ బ్రేకుకీ మధ్య నిండి సైకిల్ కదలదు.

గేరు: ముందు చిన్న పళ్లచక్రానికి 34 పళ్లుంటే వెనక పెద్దదానికి కూడా 34 ఉండేలా పెట్టించండి. మొహమాటపడకండి, 8 శాతం ఎక్కుడు మీద మోకాలికి అదే రక్ష.

ఒడ్డున పూలచెట్టు:

కొండగాలి గారు చెప్పినవన్నీ నిజమే, ఒక్కటి తప్ప. వోల్తెర్రాని ఆయన దారిలోంచి తీసేసినట్టున్నారు. నేను ఒప్పుకోను. రోమన్లకన్నా ముందు అక్కడ ఉన్న ఎత్రుస్కన్ల కాలపు నగరద్వారం ఇంకా నిలబడి ఉన్న ఊరది, ఇవాళ్టికీ మనుషులు దాని కిందినుంచే నడుస్తారు. ఎత్తయిన చోటు కాబట్టి పొద్దున్నే కింద లోయలు మంచుతో నిండి మీరు పైన ఉంటారు. మోంతల్చీనో నుంచి ఒక రాత్రి తగ్గించి ఇక్కడ ఉండండి. సాన్ జిమిన్యానోకి దాన్నుంచి ముప్ఫై కిలోమీటర్లే, ఎక్కువ భాగం దిగుడు. బస్సుల జనం రాకముందే, తొమ్మిదిలోపు ఆ ఊరి పాత రాతి గోపురాల మధ్య ఉండేలా చూసుకోండి. ఆ గోపురాల్లో ఇప్పుడు పద్నాలుగు మిగిలాయి.

222 నంబరు కియాంతి రోడ్డు గురించి ఎవరూ చెప్పలేదు. చాలా అందమైన రోడ్డు, కానీ శని, ఆదివారాల్లో మోటార్‌సైకిళ్లు గుంపులుగా వస్తాయి. మామూలు రోజు ఉదయమే వెళ్లండి.

కొండగాలి:

ఒప్పుకుంటున్నాను. వోల్తెర్రాకి నేను రెండుసార్లూ వానలో వెళ్లాను, అందుకే మనసుకి ఎక్కలేదేమో.

నిదానపు చక్రం:

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. రోజుకో ఊరు ఆలోచన మానేశాం. సియెనా నాలుగు, వోల్తెర్రా ఒకటి, మోంతల్చీనో రెండు. వెనక గేరు 28 ఉంది, 34 వేయించడానికి రేపు ఇస్తున్నాం. లౌరెతానా గురించి రాసినదంతా అన్నయ్యకి చదివి వినిపించాను. విని, "నిజంగా లారీలు రావా?" అని అడిగాడు. ఏం చెప్పమంటారు?

ఒకటి: సియెనాలో పెద్ద చౌకుకి చేరే ఆఖరి ఎక్కుడు, సైకిల్ పోటీవాళ్లు ఎక్కేది, మేం కూడా ప్రయత్నించొచ్చా?

కొండగాలి:

ఆ వీధి సాంత కతెరీనా. 16 శాతం దాకా ఉంటుంది, కింద రాతిపలకలు, తడిస్తే జారుతుంది. నడిపించుకుంటూ వెళ్లండి, చుట్టూ చూసుకోవడానికీ అదే నయం.

అన్నగారికి ఉన్నదున్నట్టు చెప్పండి: అసలు రావని కాదు. పాల బండో, పొలానికి పోయే చిన్న లారీయో ఒకటీ రెండూ వస్తాయి. అందుకే హ్యాండిల్‌కి అద్దం పెట్టించండి. చప్పుడు ముందు వినబడి, బండి ఎంత దూరంలో ఉందో తెలియకపోవడమే భయం పెంచుతుంది. కనబడితే చేతులు సడలుతాయి, మా ఆవిడ విషయంలో చూశాను. అక్కడ బండ్లు రోడ్డుకి కుడివైపున నడుస్తాయి, కాబట్టి అద్దం ఎడమ కొసకి ఉండాలి. వెళ్లేలోపు నెలరోజులైనా దాంతో తొక్కి అలవాటు చేసుకోమనండి. చీకటిపడ్డాక ఊరి బయటా, సొరంగాల్లో ఎప్పుడైనా, మెరిసే పట్టీల చొక్కా తొడగడం అక్కడ చట్టం. మీ ఇద్దరూ పగలు కూడా వేసుకోండి.