ముందు మందు మానాలా? ముందు డిప్రెషన్ తగ్గాలా?

గాజువాక_అన్న:
మా తమ్ముడికి 34. నాన్న పోయాక ఆర్నెల్లు నిద్ర లేదు, డ్యూటీకి వెళ్లలేదు, గడ్డం కూడా గీసుకోలేదు. తాగుడు మొదలైంది ఆ తర్వాతే. దాంతోపాటు రాత్రంతా ఫోన్లో రమ్మీ. డాక్టరు రెండిటికీ కలిపే వైద్యం చేద్దామంటున్నారు. ఇంట్లోవాళ్లు ముందు మందు మాన్పించమంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఉక్కునగరం_రావు:
ముందు మందే మాన్పించండి. తాగుతూ మాత్రలు మింగితే చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. తాగుడు వల్ల వచ్చిన దిగులైతే, మూడు నాలుగు వారాలు మానితే చాలావరకు అదే తగ్గుతుంది. మా బావకి డాక్టరు చెప్పిన మాటే ఇది.

బీచ్‌రోడ్_బాబ్జీ:
ఏ మందు గురూ? మాత్రలా, సీసానా?

పెందుర్తి_పద్మ:
"తాగుడు వల్ల వచ్చినదైతే" అని మీరే అన్నారు రావు గారూ. వీళ్ల తమ్ముడికి దిగులే ముందు. ఇంకోటి, రోజూ తాగేవాణ్ని ఇంట్లో కూర్చోబెట్టి మాన్పించకండి. మా ఆయన పంతానికి ఒక్కసారే ఆపేశారు. మర్నాటికి చేతులు వణుకు, ఆ రాత్రే ఫిట్స్. ఆసుపత్రిలో పెట్టి, బి1 విటమిన్ ఇంజెక్షన్లిచ్చి గట్టెక్కించారు.

ఉక్కునగరం_రావు:
దిగులే ముందని ఎవరు చూశారు? చాటుగా తాగుండొచ్చు. ఇంట్లో చెప్పి తాగుతాడేటి ఎవడైనా?

గాజువాక_అన్న:
ఆ ఆర్నెల్లూ వాడి పక్కనే పడుకున్నానండీ.

ఉక్కునగరం_రావు:
పడుకున్నారు సరే. మీరు నిద్రపోయారా లేదా?

ఎంవీపీ_77:
రమ్మీని మన రాష్ట్రంలో 2020లోనే నిషేధించారు కదా?

బీచ్‌రోడ్_బాబ్జీ:
1995లో మందునీ నిషేధించారు. రెండేళ్లకి ఎత్తేశారు.

గాజువాక_అన్న:
అమ్మ ఎవరో చెప్పారని డైసల్ఫిరామ్ అని తాగుడు మాన్పించే మాత్రలు తెప్పించింది. వాడికి తెలియకుండా చారులో కలుపుతానంటోంది.

పెందుర్తి_పద్మ:
వద్దు బాబూ! అది ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబడి, వాంతులు, గుండెదడ, బీపీ పడిపోతుంది. ప్రాణం మీదికి రావచ్చు. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూస్తుండగా వేసుకునే మాత్ర అది. చినవాల్తేరు మానసిక ఆసుపత్రికి తీసుకెళ్లండి. ముందు ఫోన్లో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ ఉంది, 14416.

ఉక్కునగరం_రావు:
వాల్తేరు తీసుకెళ్లారని తెలిస్తే రేపు సంబంధాలొస్తాయా? మీలాంటివాళ్లే ప్రతి తాగుబోతుకీ జబ్బని చీటీ రాసిచ్చేది.

పెందుర్తి_పద్మ:
నోరు జాగ్రత్త. మా ఆయన్ని తాగుబోతన్నవాళ్లు వీధంతా ఉన్నారు. ఫిట్స్ వచ్చిన రాత్రి ఆటో పిలిచినోడు ఒక్కడు లేడు. ఈ గుంటడు మీకేం చేశాడు? మీ కోపం ఇంకెవరి మీదో. చెప్పండి.

ఉక్కునగరం_రావు:
చెప్తాను. మా బావ తాగుడుకీ పేకాటకీ చేసిన నాలుగు లక్షల అప్పు నేను తీర్చాను. అమ్మాయి ఇంజనీరింగ్ ఫీజుకి దాచిన డబ్బు అది. ఇప్పుడాయన కుదురుకున్నాడు, సంతోషం. అడిగితే "అప్పుడు నాకు జబ్బు బావా" అంటాడు. జబ్బయితే బాకీ చెల్లిపోతుందా?

పెందుర్తి_పద్మ:
చెల్లదు. మా తమ్ముడికి మా ఆయన ఇప్పటికీ నెలకి మూడు వేలు కడుతున్నారు. నేను వైద్యం చేయించమన్నాను గానీ బాకీ మాఫీ చెయ్యమన్లేదు.

ఉక్కునగరం_రావు:
ఆ ముక్క మొదటే అనొచ్చు కదమ్మా.
గాజువాక బాబూ, రమ్మీ అప్పెంత? ఎవరి పేరున తీసుకున్నాడు?

గాజువాక_అన్న:
లక్షా ఎనభై. నా పేరునే. మా ఆవిడకింకా తెలీదు.